నర్సింగ్ హోం మంచిదో కాదో రాత్రి పూటే తెలిసేది

పూతలపట్టు: సంతలో పాడి ఆవును కొనబోయే రైతు దాని పళ్ళు చూస్తాడు. పొదుగు తడుముతాడు. నాలుగడుగులు నడిపించి కుంటుందేమో గమనిస్తాడు. ఒక పూట పాలు పిండి చూసుకున్న తర్వాత గానీ బయానా ఇవ్వడు. అదే రైతు, భార్యకు నొప్పులు వచ్చిన రాత్రి, ఆటో ఏ నర్సింగ్ హోం ముందు ఆగితే అందులోకే వెళ్తాడు. లోపల రాత్రిళ్ళు ఎవరుంటారో, ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ఎక్కడి నుంచి రావాలో అడగడు. బిల్లు చేతికి వచ్చాక ఒక్కోసారి ఆ ఆవునే తిరిగి సంతకు తోలుకు పోవలసి వస్తుంది.

పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల వారికి పెద్ద ఆస్పత్రుల పేర్లు తెలియనివి కావు. ఒకవైపు చిత్తూరు, మరొకవైపు తిరుపతి, కాస్త ముందుకు పోతే పాతవాళ్ళు ఇప్పటికీ రాయవేలూరు అని పిలిచే వేలూరు. ఈ నియోజకవర్గంలోనే ఉన్న తవణంపల్లె మండలం అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో ఆస్పత్రిని నెలకొల్పారు. అయినా జ్వరానికి, కాన్పుకి, జారిపడి ఎముక విరిగిన ముసలివారికి మొదట గుర్తొచ్చేది టౌనులో పది ఇరవై పడకలున్న నర్సింగ్ హోమే. అక్కడ డాక్టరు మన భాష మాట్లాడతాడు, క్యారియర్‌లో అన్నం తీసుకుపోవచ్చు, బస్సు దొరుకుతుంది. ఈ సౌకర్యాలు తీసివేయవలసినవి కావు. అయితే వైద్యం ఎలా ఉంటుందో వీటివల్ల తెలియదు.

పల్లెల్లో నర్సింగ్ హోంకు వేసే మార్కులు వేరు. ‘ఆ డాక్టరు హస్తవాసి మంచిది’ అంటారు. ‘పోగానే బాటిలు పెట్టినారు’ అని మెచ్చుకుంటారు. ఈ బాటిలు సంగతి కొంచెం చూడాలి. అర లీటరు గ్లూకోజు బాటిలులో, అది 5 శాతం రకమైతే, ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. నిమ్మకాయంత బెల్లం ముక్కలో అంతకంటే తక్కువేమీ ఉండదు. చెరకు గానుగలు తెలిసిన ఈ ప్రాంతం వారికి ఆ ముక్క విలువ వేరే చెప్పనక్కరలేదు. వాంతులు, విరేచనాలతో నీరు కోల్పోయిన వారికి, నోటితో తాగలేని వారికి సెలైన్ ప్రాణం పోస్తుంది. నడిచి వచ్చి, నీరసంగా ఉందని చెప్పుకునే మనిషికి దాంతో వచ్చే బలం స్వల్పం. అడిగిన వారందరికీ బాటిలు పెట్టే చోటు కంటే, ‘నీకు అక్కర లేదు, ఇంటికి పోయి కంజి తాగు’ అని పంపించే డాక్టరే నమ్మదగినవాడు.

పేరులోనే నర్సు

నర్సింగ్ హోం అనే పేరులోనే నర్సు ఉంది. డాక్టరు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పడక దగ్గర అయిదు నిమిషాలు నిలబడతారు. మిగతా గంటలన్నీ రోగి ప్రాణం నర్సు చేతిలోనే. కాబట్టి ముందుగా అడగవలసిన ప్రశ్న ఆమె ఎవరన్నది. జి.ఎన్.ఎం. చదువు మూడేళ్ళు, ఎ.ఎన్.ఎం. చదువు రెండేళ్ళు. చదివిన వారి పేరు రాష్ట్ర నర్సుల కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. దేశంలో ఈ చదువులకు ఒక పద్ధతి పెట్టిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. చట్టం ఎంత పాతదైనా, పదో తరగతితో చదువు ఆపేసిన అమ్మాయికి కొన్నాళ్ళు సూది వేయడం నేర్పి, తెల్లకోటు తొడిగి రాత్రి డ్యూటీలో నిలబెట్టే చోట్లు లేకపోలేదు. అందులో ఆ పిల్లల తప్పేమీ లేదు. తక్కువ జీతానికి దొరుకుతారని వారిని పెట్టుకున్న యజమానిదే తప్పు.

నర్సు విలువ ఏమిటో వేలూరు చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో అక్కడ ఒక్క పడకతో వైద్యం మొదలుపెట్టారు. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. ఆడపిల్లల వైద్య పాఠశాల వచ్చింది ఆ తర్వాత, 1918లో. అంటే ఆ ఆస్పత్రి డాక్టర్లను తయారు చేయడానికంటే తొమ్మిదేళ్ళ ముందే నర్సులను తయారు చేసుకుంది.

నర్సింగ్ హోంను చూడాలంటే పగలు కాదు, రాత్రి పది దాటాక చూడాలి. రోగి పిలిస్తే ఎవరైనా వస్తున్నారా, లేక తోడున్నవారే నిద్రపోతున్న వారిని తట్టి లేపవలసి వస్తున్నదా? డ్యూటీ డాక్టరు మేడ మీద ఉన్నాడా, ఫోను చేస్తే వేరే ఊరి నుంచి రావాలా? పడక దగ్గర కేసు షీటు ఉండి, అందులో బి.పి., నాడి, జ్వరం వేళ ప్రకారం రాసి ఉన్నాయా? తెల్లవారాక ఒకేసారి కూర్చుని రాత్రి అంకెలన్నీ నింపడం కూడా జరిగే పనే. ఒకే పెన్నుతో, ఒకే తీరుగా గంట గంటకూ ఒకే బి.పి. రాసి ఉంటే ఆ కాగితాన్ని అనుమానించవలసిందే.

కాన్పయిన తర్వాత మొదటి రెండు గంటలు గండం. రక్తస్రావం ఎక్కువయ్యేది అప్పుడే. బిడ్డ పుట్టిన సంబరంలో అందరూ ఉయ్యాల చుట్టూ చేరతారు, తల్లిని గమనించేవారు ఉండరు. మంచి నర్సింగ్ హోంలో ఆ రెండు గంటలూ నర్సు పదిహేను నిమిషాలకు ఒకసారి వచ్చి నాడి చూస్తుంది, గుడ్డ చూస్తుంది, పొత్తికడుపు నొక్కి చూస్తుంది.

చేతులు కడుక్కోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. వియన్నా నగరంలోని ఒక ప్రసూతి వార్డులో 1846లో నూటికి 11 మంది బాలింతలు జ్వరంతో చనిపోయారు. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గుర్తించారు. 1847లో క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో అందరి చేత చేతులు కడిగించారు. 1848కి చావులు నూటికి ఒకటికి దిగివచ్చాయి. ఖరీదైన మిషను ఏదీ రాలేదు. ఒక పడక నుంచి ఇంకో పడకకు పోయేటప్పుడు నర్సు చేతులు కడుగుతున్నదా అని చూడడానికి ఎవరికీ చదువు అక్కర లేదు. సూది, సిరంజి కొత్త పొట్లం మన కళ్ళ ముందే చించమని అడగడానికి మొహమాటం కూడా అక్కర లేదు.

ముసలివారి సంగతి

బిడ్డలు బెంగుళూరులోనో, మద్రాసులోనో, కువైట్‌లోనో ఉంటారు. ఇక్కడ అవ్వకో తాతకో పక్షవాతం వస్తుంది, లేదా తుంటి ఎముక విరుగుతుంది. ఫోనులో డబ్బు పంపి నర్సింగ్ హోంలో చేర్పించడం ఇప్పుడు సాధారణమైంది. ఇటువంటి రోగి నోరు విప్పి చెప్పుకోలేడు కాబట్టి చూడవచ్చినవారే కనిపెట్టాలి. ముందుగా దుప్పటి తొలగించి వీపు, పిరుదులు, మడమలు చూడాలి. కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. ఆ పుండు ముదిరితే ఎముక దాకా పోతుంది. గదిలో ఏసీ ఉన్నా, టీవీ ఉన్నా, మడమ మీద పుండు ఉంటే అక్కడ సేవ లేదనే అర్థం. మంచినీళ్ళ గ్లాసు చేతికందే దూరంలో ఉందా, పక్క బట్టలు తడిసి ఎంత సేపయింది, అన్నం ఎవరు తినిపించారు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. చెప్పి వెళ్ళడం కంటే చెప్పకుండా వెళ్ళి చూడడం మేలు.

కత్తి దాకా పోయినప్పుడు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోత కాన్పులే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 63. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 27లోపు. ఏ దేశంలోనైనా ఇవి నూటికి 10 నుంచి 15 మించనక్కర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. అవసరమైన చోట కోత తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అదే రాష్ట్రంలో, అదే రకం తల్లులకు, గేటు మారగానే లెక్క రెండింతలు దాటడం మాత్రం ఆలోచించవలసిన విషయం. ముహూర్తం చూసి కోయించుకునే కుటుంబాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయన్నది వేరే సంగతి.

గర్భసంచి విషయం ఇంకా బాధాకరం. 2015-16 సర్వేలో దేశమంతటా 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో గర్భసంచి తీయించుకున్న వారు నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగినవే. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరి ఎక్కువ కావడం వంటివాటికి ముందు మందులు వాడి చూడవలసి ఉండగా, ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటకు భయపడి కూలిపని చేసుకునే ఆడవారు బల్ల ఎక్కుతున్నారు. అనవసరంగా గర్భసంచులు తొలగించడంపై కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆపరేషన్ చెప్పిన చోట కాకుండా, డబ్బు లాభం లేని ఇంకొక చోట, ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా సరే, మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. దానికి ఒక రోజు, బస్సు చార్జీ ఖర్చవుతాయి. మంచి డాక్టరు దీనికి కోపగించుకోడు. కోపగించుకుంటే అక్కడి నుంచి లేచి రావడానికి అదే చాలు.

పల్లెల్లో వైద్యం చేసేవారు, ఆటోలవారు రోగిని ఫలానా చోటికే తీసుకుపోవడం వెనక కమీషన్ ఉంటుందన్న మాట అందరి నోటా ఉన్నదే. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ కమీషన్ చివరికి చేరేది రోగి బిల్లులోకే.

గోడ మీద చూడవలసినవి

2002లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు నర్సింగ్ హోంలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వద్ద రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్టు, ఫీజుల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలి. స్కానింగు ఉంటే లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు ఉండాలి. చెత్తకు రంగు సంచులు చూడాలి. రక్తం అంటిన దూదికి పసుపు, ప్లాస్టిక్ గొట్టాలకు ఎరుపు, సూదులకు తెలుపు, గాజు సీసాలకు నీలం. అన్నీ ఒకే బకెట్లో పడేసే చోట ఆపరేషన్ గది ఎంత శుభ్రంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కరెంటు పోతే జనరేటరు ఎంత సేపట్లో అందుకుంటుంది, ఆక్సిజన్ సిలిండర్లు నిండుగా ఎన్ని ఉన్నాయి అని అడిగితే ఎవరూ నవ్వరు. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది చనిపోయినట్టు ప్రభుత్వమే ప్రకటించింది. అంత పెద్ద ఆస్పత్రిలోనే అలా జరిగింది. రెండో మెట్లదారి ఉందా, దానికి తాళం వేసి ఉందా అన్నది కూడా చూడాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన హోటలులో నిప్పంటుకుని 10 మంది మరణించారు.

రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారిని పోలీసులు రావాలంటూ తిప్పి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. నాయుడుపేట రోడ్డు మొదలయ్యే ఈ కూడలి వారికి ఆ తీర్పు అక్కరకు రావచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తర్వాత ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన పథకంలో ఉన్న నర్సింగ్ హోం అయితే, పథకం కిందికి వచ్చే వైద్యానికి విడిగా డబ్బు అడగకూడదు. అడిగితే 104కు ఫోను చేయాలి.

ఇంటికి వచ్చేటప్పుడు మందుల సంచితో పాటు కాగితాలు తెచ్చుకునే అలవాటు ఇక్కడ తక్కువ. డిశ్చార్జి చీటీ, ల్యాబు రిపోర్టులు, వివరాలతో కూడిన బిల్లు రోగివి. కేసు షీటు నకలు కావాలని రాసిచ్చిన 72 గంటల్లోగా ఇవ్వాలి. వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. నష్టం జరిగిన రెండేళ్ళలోపు చిత్తూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన వైద్యం ఖర్చు అయిదు లక్షల లోపయితే ఫీజు కట్టనక్కర లేదు. అక్కడ మొదట అడిగేది ఆ కాగితాలనే.