గాండీవం దించే వేళ

ప్రభవ మొదలు అక్షయ వరకు తెలుగు సంవత్సరాలు 60. ఏ పేరు గల సంవత్సరంలో పుట్టామో అదే సంవత్సరం తిరిగి వచ్చేనాటికి మనిషికి అరవై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంలో ఉగ్రరథ శాంతి జరిపించి, షష్టిపూర్తి చేసుకోవడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. కన్నబిడ్డలే పెద్దలై తల్లిదండ్రులకు మళ్లీ కల్యాణం జరిపించే ఆ వేడుకలో, పీటల మీద కూర్చున్న పెద్దాయన మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉంటుంది. ‘ఇక చాలించవచ్చునా? ఇంకొంతకాలం చేయాలా?’

ప్రభుత్వోద్యోగికి ఈ ప్రశ్నకు జవాబు ఉత్తర్వు రూపంలో వస్తుంది. అయితే ఆ జవాబు కూడా స్థిరమైనది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. తరువాత అది మళ్లీ 58 అయింది. 2014లో 60కి, 2022లో 62కు పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెంచారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1998లో 58 నుంచి 60 అయింది. పరిపాలన అవసరాన్ని బట్టి గీసిన గీత ఇది. అవసరం మారితే గీతా జరుగుతుంది. ఇక దుకాణం నడిపే వర్తకుడికి, సేద్యం చేసే రైతుకు, వైద్యుడికి, న్యాయవాదికి, పౌరోహిత్యం చేసే బ్రహ్మగారికి ఆ గీత కూడా లేదు. ఎప్పుడు విరమించాలో వారే తేల్చుకోవాలి. అందుకు మన ఇతిహాస పురాణాలు ఏ దారి చూపాయి?

శాస్త్రం చెప్పిన గుర్తులు

గృహస్థుడు వానప్రస్థానికి ఎప్పుడు సిద్ధం కావాలో మనుస్మృతి ఆరవ అధ్యాయం ఆరంభంలోనే చెప్పింది. అక్కడ ఇన్నేళ్లని సంఖ్య లేదు. దేహాన ముడతలు, తలలో నెరపు, ఇంట్లో మనుమడు. ఈ గుర్తులు కనిపించినప్పుడు గృహస్థుడు అరణ్యం వైపు చూడాలన్నది శాస్త్రం మాట. మొదటి రెండు గుర్తులూ దేహానివి. మూడవది వంశానిది. నీ శక్తి తగ్గుతున్నదా అన్నది ఒక పరీక్ష. నీ బాధ్యతను అందుకునే చేయి ఎదిగిందా అన్నది మరొక పరీక్ష. మనుమడు పుట్టాడంటే కొడుకు తానూ ఒక ఇంటి పెద్ద అయ్యాడని అర్థం. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు ఎంతకాలం ఉండగలరని శాస్త్రం మనల్ని సున్నితంగా అడుగుతోంది.

నేటి కాలంలో అరణ్యవాసం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. వానప్రస్థంలోని సారం అధికారం నుంచి మనసును మళ్లించుకోవడం. అది ఉన్న ఇంట్లో, ఉన్న ఊళ్లోనే చేయవచ్చు. ఒక్కొక్కసారి అడవికి వెళ్లడం కన్నా అదే కష్టం.

అర్జునుడు విడువలేని విల్లు

మహాభారతంలో మౌసల పర్వం విరమణ వేళను కళ్లకు కట్టినట్లు చూపిస్తుంది. యాదవ కులం నశించిన తరువాత అర్జునుడు ద్వారకలోని స్త్రీలను, వృద్ధులను, బాలురను వెంటబెట్టుకొని ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు. దారిలో ఆభీరులు దండెత్తారు. చేతిలో కర్రలు తప్ప గొప్ప ఆయుధాలు లేనివారు వారు. కురుక్షేత్ర విజేత గాండీవానికి నారి ఎక్కించడానికే శ్రమపడవలసి వచ్చింది. దివ్యాస్త్రాలను స్మరించబోతే మంత్రాలు స్ఫురించలేదు. అక్షయ తూణీరాలు ఖాళీ అయ్యాయి. కళ్ల ఎదుటే దోపిడీ జరిగిపోయింది.

కుంగిపోయి వచ్చిన అర్జునుణ్ని వ్యాసమహర్షి నిందించలేదు. ఆ అస్త్రాలు వచ్చిన పని నెరవేరింది గనుక అవి వచ్చిన చోటికి వెళ్లిపోయాయని, పాండవులకూ మరలిపోవలసిన కాలం వచ్చిందని బోధించాడు. సామర్థ్యం సన్నగిల్లడం అవమానం కాదు, పని పూర్తయిందని కాలం చెప్పే కబురు అన్నది ఆ మాటలోని ఉపశమనం.

అయినా అర్జునుడి మనసు వెంటనే మారలేదు. ధర్మరాజు పరీక్షిత్తుకు పట్టం కట్టాడు. అయిదుగురూ నారచీరలు ధరించి ద్రౌపదితో కలిసి మహాప్రస్థానానికి బయలుదేరారు. రాజ్యం విడిచారు, భోగం విడిచారు. అర్జునుడు మాత్రం గాండీవాన్ని భుజాన వేసుకొనే నడిచాడు. ఆ రత్నంవంటి ధనుస్సు మీద లోభం వల్లనే విడువలేకపోయాడని వ్యాసుడు దాచకుండా చెప్పాడు. చివరికి అగ్నిదేవుడు ఎదురుగా నిలిచి, ఖాండవ దహన వేళ వరుణుని వద్ద నుంచి తెచ్చి ఇచ్చిన విల్లు అదని, దానిని తిరిగి వరుణునికే అప్పగించమని అడిగిన తరువాత దానిని నీటిలో విడిచాడు.

పదవి దిగినా కుర్చీని మనసులో మోసే ప్రతివారికీ ఈ ఘట్టం అద్దం పడుతుంది. విరమణ పత్రం మీద సంతకం చేసిన రోజున ఉద్యోగం ముగుస్తుంది. ‘నేను లేకపోతే అక్కడ ఏదీ సాగదు’ అన్న తలపు విడిచిన రోజున విరమణ మొదలవుతుంది. గాండీవం వరుణునిది అయినట్లే మనకు దక్కిన పదవి, పలుకుబడి, నైపుణ్యం ఒకరి నుంచి వచ్చినవే. మరొకరికి చేరవలసినవే.

‘ఇంకొక్క ఏడాది’

విడువలేకపోవడానికి మరో రూపం యయాతి కథ. శుక్రాచార్యుని శాపం వల్ల అకాల వార్ధక్యం పొందిన యయాతి తన ముసలితనాన్ని తీసుకొని యౌవనం ఇమ్మని కుమారులను అడిగాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదన్నారు. చిన్నవాడైన పూరువు ఒప్పుకున్నాడు. వేయి సంవత్సరాలు భోగాలు అనుభవించిన తరువాత కూడా యయాతికి తృప్తి కలగలేదు. అనుభవించిన కొద్దీ కోరిక పెరుగుతుందే గాని తీరదని గ్రహించి, పూరువు యౌవనాన్ని తిరిగి ఇచ్చి, అతనికే పట్టం కట్టి అడవికి వెళ్లాడు.

ఈ కథను సాధారణంగా తృష్ణకు ఉదాహరణగా చెబుతారు. పూరువు వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. తండ్రి ‘ఇంకా కొంతకాలం’ అనుకున్న ప్రతి సంవత్సరమూ కొడుకు యౌవనం నుంచి ఖర్చయినదే. నలభై ఐదేళ్ల కుమారుడు కొట్టు తాళాల కోసం, చెక్కు మీద సంతకం కోసం నేటికీ తండ్రి ముఖం చూడవలసి వస్తున్న ఇళ్లు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. బిడ్డ పొరపాటు చేస్తాడేమోనన్న ప్రేమతోనే పట్టు విడువడు. కాని తప్పు చేసి దిద్దుకునే వయసు కొడుక్కి దాటిపోతున్నదని గమనించడు. ‘ఇంకొక్క ఏడాది’ అనుకున్నప్పుడల్లా ఆ ఏడాది ఎవరిదన్న ప్రశ్న కూడా వేసుకోవడం ధర్మం.

సభకు ముందు, ఇంటికి చివర

విరమణ నిర్ణయం సరైనదే అయినా దానిని చెప్పే తీరులో లోపం రావచ్చు. అందుకు అయోధ్యాకాండను మించిన పాఠం లేదు. దశరథ మహారాజు సకాలంలోనే మేల్కొన్నాడు. శ్వేతచ్ఛత్రం నీడలో లోకహితం కోసం పాటుపడి ఈ శరీరం ముదిమిని పొందిందని, విశ్రాంతి కోరుకుంటున్నానని నిండు సభలో ప్రకటించాడు. సమర్థుడైన శ్రీరాముణ్ని యువరాజుగా ప్రతిపాదించి, అందరి అభిప్రాయమూ అడిగాడు. సభ హర్షధ్వానాలు చేసింది. అంతటితో ఊరుకోక, నేను ధర్మంగా పాలిస్తూండగా రాముణ్ని ఎందుకు కోరుతున్నారని ప్రశ్నించి, వారి మనసును పరీక్షించాడు కూడా. రాజనీతిలో ఎక్కడా లోటు లేదు.

అయితే తొందర ప్రవేశించింది. కేకయ రాజుకు, జనక మహారాజుకు కబురు వెళ్లలేదు. వారు తరువాత వింటారులే అనుకున్నారు. భరతుడు ఊళ్లో లేడు. మరునాడే పుష్యమీ నక్షత్రంలో ముహూర్తం. కైకేయికి స్వయంగా శుభవార్త చెప్పాలని రాజు అంతఃపురానికి వెళ్లేసరికి, ప్రాసాదం పైనుంచి నగరాలంకరణ చూసిన మంథర ఆ వార్తను తన రంగు పూసి అప్పటికే చేరవేసింది. ఊరంతటికీ తెలిసిన మాట ఆ ఇల్లాలికి చివరగా, వేరొకరి నోట చేరింది.

రావణ సంహారం కోసం దైవసంకల్పం అలా నడిపించిందని భక్తులమైన మనం నమ్ముతాం. లౌకికంగా చూసినప్పుడు గృహస్థునికి అందులో ఒక హెచ్చరిక ఉంది. విరమణ ఒక్కరి నిర్ణయం కాదు. దాని వల్ల ఇల్లాలి దినచర్య మారుతుంది. కొడుకు బాధ్యత మారుతుంది. కూతురి పెళ్లి లెక్క మారుతుంది. దూరదేశంలో ఉన్న బిడ్డల ఆలోచనలు మారతాయి. సహోద్యోగులకు, మిత్రులకు చెప్పే ముందు ఈ మాట దేవుని గది ముందు కూర్చొని ఇంటివారితో చెప్పుకోవాలి. ఒక్కరు దూరాన ఉన్నా వారితో మాట్లాడే వరకు ముహూర్తం ఆపాలి.

వెళ్లే విధానం

ఆలస్యంగానైనా విధిగా వెళ్లినవాడు ధృతరాష్ట్రుడు. యుద్ధం తరువాత పదిహేనేళ్లు ధర్మరాజు నీడలోనే ఉన్నాడు. ధర్మరాజు ఏ లోటూ రానివ్వలేదు. కాని ఆయన కుమారులను తన బాహువులతో చంపానని భీముడు వినిపించేలా అన్న మాటలు ఆ అంధరాజు గుండెలో గుచ్చుకున్నాయి. అప్పటికి గాని అడవి మాట నోట రాలేదు. మరొకరు మాటతో లేపకముందే లేచినవాడికి గౌరవం మిగులుతుందని ఆశ్రమవాసిక పర్వం చెప్పకనే చెబుతుంది.

బయలుదేరే ముందు ధృతరాష్ట్రుడు చేసిన పనులు గమనించదగినవి. ధర్మరాజును కూర్చోబెట్టి తనకు తెలిసిన రాజనీతి అంతా బోధించాడు. ప్రజలను పిలిచి, తన వల్ల, తన కుమారుల వల్ల కలిగిన కష్టాలకు క్షమాపణ వేడుకొని సెలవు తీసుకున్నాడు. గతించిన వారికి శ్రాద్ధాలు పెట్టి, దానాలు చేసి కార్తీక మాసంలో నగరం దాటాడు. దేవ, ఋషి, పితృ ఋణాలని మనం చెప్పుకునే మూడింటిలో ఋషి ఋణం తీరేది నేర్చినదాన్ని నేర్పడం వల్లనే. ముప్పై ఏళ్ల అనుభవాన్ని ఎవరికీ చెప్పకుండా ఇంటికి తీసుకుపోయినవాడు అప్పు తీర్చకుండా వెళ్లినవాడే.

మరో మాట. ఆ శ్రాద్ధాలకు కావలసిన ధనం ధృతరాష్ట్రుడి చేతిలో లేదు. ధర్మరాజును అడగవలసి వచ్చింది. భీముడు అడ్డు చెప్పాడు. ధర్మరాజు, అర్జునుడు తమ సొంత ధనం నుంచి ఇచ్చి పెద్దాయన మాట నిలిపారు. అధికారం అప్పగించడం వేరు, చేతిలో చిల్లిగవ్వ లేకుండా చేసుకోవడం వేరు. వృద్ధ తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమే చేయవలసి వచ్చిన కాలం మనది. దానధర్మాలకు, వైద్యానికి తమకంటూ కొంత ఉంచుకోవడం లోభం కిందికి రాదు.

తెలుగు నేల మీద 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి తాను జీవించి ఉండగానే కుమార్తె రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేసి, బాధ్యత అప్పగించాడు. స్త్రీ పాలనను అంగీకరించని సామంతులున్న కాలమది. తండ్రి అండ ఉండగానే ఆమెకు రాజ్యభారం అలవాటయింది. అధికారాన్ని ఒక్కనాట వదిలేయక, ఒక్కొక్క మెట్టూ దిగుతూ మరొకరిని ఎక్కించడం ఉత్తమమైన విరమణ.

విరమణ లేనివారు

ఇంత చెప్పుకున్నా, అందరికీ ఒకే నియమం వర్తించదు. తీరని అప్పు, పెళ్లి కావలసిన బిడ్డ, ఆధారం లేని కుటుంబం ఉన్నవారు డెబ్బైలో కూడా పని చేయక తప్పదు. వారిని చూసి ఆశ చావలేదనడం పాపం. వారు చేస్తున్నదే వారి తపస్సు. రాజ్యం ఏలుతూనే మమకారం లేకుండా జీవించిన జనకుడు మనకు పూజ్యుడే. దేహధారికి కర్మలన్నీ విడవడం సాధ్యం కాదని, కర్మఫలాన్ని విడిచినవాడే త్యాగి అని గీత పద్దెనిమిదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ స్పష్టం చేశాడు. యజ్ఞం, దానం, తపస్సు ఏనాడూ మానరాదని కూడా అక్కడే చెప్పాడు.

ఇక ఏ ఉత్తర్వూ విరమణ ఇవ్వనిది ఇల్లాలికి. భర్త పదవీ విరమణ చేసిన మరునాటి నుంచి ఆమెకు పని పెరగడమే చాలా ఇళ్లలో జరుగుతున్నది. వానప్రస్థంలో భార్యను వెంట తీసుకువెళ్లవచ్చునని శాస్త్రం చెప్పింది. ధృతరాష్ట్రునితో గాంధారి నడిచింది, కుంతీదేవి కూడా నడిచింది. నేటి గృహస్థునికి దీని అర్థం ఒకటే. నీకు దొరికిన విశ్రాంతిలో సగం ఆమెది. వంటింటి పనిలో సగం నీది.

కాబట్టి విరమణకు తేదీ వెతికే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. చేతిలో పట్టు మునుపటిలా ఉన్నదా? అందుకునే చేయి సిద్ధంగా ఉన్నదా? ఇంటివారికి మనసు విప్పి చెప్పానా? వదిలిన తరువాత మిగిలిన కాలాన్ని దేనికి అర్పించబోతున్నాను? చివరి ప్రశ్నకు జపం, పారాయణం, తీర్థయాత్ర, ఊరి గుడిలో సేవ, మనుమలకు రామాయణ కథ, ఇలా ఏదో ఒక జవాబు ఉన్నవానికి విరమణ శూన్యంగా తోచదు. విల్లు దించిన చేతులు ఖాళీగా ఉండవు. అవి నమస్కరించడానికి కలుస్తాయి.