లిబ్రె ఆఫీసు రానున్న కూర్పులు - తెలుఁగు సంధి

లేఖలు వ్రాయుటకును లెక్కలు కట్టుటకును గంప్యూటరులయందు వాడుకలో నున్న సాఫ్టువేరులలో లిబ్రె ఆఫీసనున దొకటి. మూలమును మఱుఁగుపఱపక యెల్లరకు నొసఁగుటయు, నెవ్వరైనను దానిని సవరింపవచ్చు ననుటయు దీని విశేషము. జర్మనీదేశమునఁ బుట్టిన స్టార్ ఆఫీసు దీనికి మాతృక. దానిని సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1999లోఁ గొని, మఱుసటి యేఁట మూలమును బహిరంగపఱచిరి. 2010 సెప్టెంబరు 28వ తేదిని బనివారిలోఁ గొందఱు వేఱుపడి డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థ నేర్పఱచి యీ క్రొత్తపేరు పెట్టిరి.

ఏఁటికి రెండు కూర్పులు, ఫిబ్రవరియం దొకటి, ఆగస్టునం దొకటి వెలువరించుట వీరి నియమము. 2024 మొదలుకొని సంవత్సరమును నెలయుఁ గలిపి కూర్పునకుఁ బేరిడుచున్నారు. 24.2 అనునది ఫిబ్రవరి పేరు దాల్చియు జనవరి 31వ తేదినే వెలువడెను. ముందుగా వచ్చినదానికి నింద యుండదు గదా!

రానున్న కూర్పునం దేమి క్రొత్తయో యను నాసక్తి సహజము. రంగులు, బొత్తాములు, పట్టికల సొగసు, వీనిఁ గూర్చి విస్తరింప నక్కఱలేదు. తెలుఁగువారు కనిపెట్టుకొని యుండవలసినవి వేఱు.

అందు మొదటిది యక్షరసంయోగము. 2017 ఫిబ్రవరిలో వెలువడిన 5.3 కూర్పునకు ముందు, అక్షరములను గూర్చు యంత్రాంగము విండోసున నొకటి, మాకింటాషున నొకటిగా నుండెను. నాఁటినుండి యన్నిటను హార్ఫ్‌బజ్ అనునదియే. పారసీకమున హర్ఫ్ అనఁగా నక్షరము, బాజ్ అనఁగాఁ దెఱచినది. ఒకచోటఁ గుదిరిన వత్తు మఱియొకచోఁ జెదరుటకుఁ గారణ మిట్లు తగ్గినది. అయినను గూర్పు వచ్చినంతనే యన్నియు సమకూడవు. నకారపొల్లునకు యూనికోడువారు 2021లోఁ బ్రత్యేకస్థాన మిచ్చిరి; ఫాంటునందు దాని రూపము లేనిచో నెంత క్రొత్తకూర్పైనను శూన్యపుగడినే చూపును.

రెండవది, ముఖ్యమైనది, వర్ణదోష పరిశీలనము. ఇది హన్‌స్పెల్ అను భాగముయొక్క పని. ప్రాతిపదికలకుఁ బ్రత్యయములు మెండుగాఁ జేరు హంగరీభాషకై యది నిర్మింపఁబడినది గావునఁ బ్రాతిపదికల పట్టికయుఁ బ్రత్యయనియమములును వేర్వేఱుగా నుండును. మన విభక్తుల కిది మేలే. పుస్తకమును, పుస్తకమునకు, పుస్తకమునందు అను రూపములను నియమముచే సాధింపవచ్చును. చిక్కు సంధియందుఁ గలదు. "వానిఁ జూచి" యనుచోట ద్రుతముచేతఁ జకారము జకార మైనది. హన్‌స్పెల్ పదమును విడిగాఁ జూచునే కాని పొరుగుపదము నెఱుఁగదు. "జూచి" పట్టికయందు లేకున్న దానిక్రింద నెఱ్ఱగీఁత గీయును. పట్టికయందుఁ జేర్చినచో వాక్యాదిని "జూచి" యని వ్రాసినను నొప్పుకొనును. ఒప్పును దప్పనుటయో, తప్పు నొప్పనుటయో, రెంటిలో నొకటి తప్పదు.

ప్రాచీనగ్రంథములను బునర్ముద్రించువారికి నిది స్వల్పవిషయము కాదు. తాటాకుపై వ్రాసిన లేఖకుఁడు నిద్రమత్తునఁ దప్పెను. కంప్యూటరు లేఖకుఁడు గీఁతకు జడిసి తప్పును. గీఁత పోవుటకై "వానిని చూచి" యని విడఁదీయును, అరసున్నను దొలఁగించును. నూఱేండ్లకుఁ బిదప మఱియొక పరిష్కర్త దానిని బాఠభేద మని తలఁచి యధోజ్ఞాపికయం దెక్కించును.

పొరుగుపదమునుఁ జూడఁగల భాగము లేకపోలేదు. లైట్‌ప్రూఫ్ అనునది వాక్యమును బరిశీలించును. ఆంగ్లమునకును హంగరీభాషకును దానియందు నియమములు వ్రాయఁబడినవి. తెలుఁగునకు సరళాదేశమును, గసడదవాదేశమును, ఉత్వసంధియు నట్టి నియమములుగా వ్రాయుట ప్రోగ్రాము వ్రాయువా రొక్కరివలనఁ గాదు. కళ లెవ్వియో ద్రుతప్రకృతికము లెవ్వియో యెఱిఁగిన వైయాకరణుఁడు ప్రక్కనుండవలయును.

తుదికూర్పునకుఁ గొన్నివారములు ముందు పరీక్షాప్రతులను వెలువరించుట యీ సంస్థవారి యాచారము. వానిని దెచ్చుకొని తెలుఁగు పుటలతోఁ బరీక్షించి, కానవచ్చిన దోషములను వారి దోషపట్టికయందు నమోదు చేయుట కెవ్వరికైనను వీలు గలదు.