మందుకూ వడదెబ్బ

మే నెలలో నంద్యాల 45 డిగ్రీలు దాటిందంటే మనకది వార్తే కాదు. తలకు తువ్వాలు చుట్టుకుంటాం, మజ్జిగ తాగుతాం, పన్నెండు దాటితే నీడ వదలం. అదే ఎండకు రేకుల కప్పు కింద మగ్గే మందుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. చాలా మాత్రల పెట్టెల మీద 30 డిగ్రీలు మించని చోట ఉంచాలని రాసి ఉంటుంది. కొన్నిటికి ఆ హద్దు 25 డిగ్రీలే. ఆ అక్షరాలు చదవడానికి కళ్లజోడు కావాలి, పాటించడానికి ఏసీ కావాలి.

నంద్యాలలో దించిన పెట్టె ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి రుద్రవరం, చాగలమర్రి పల్లెలకు చేరేలోపు ఆటోలోనో, బస్సు డిక్కీలోనో ఎన్ని గంటలు ఉడికిందో లెక్క రాసేవాళ్లుండరు.

ఎండకు చెడిన మందు చూడ్డానికి బాగానే ఉండొచ్చు. చిక్కంతా అక్కడే. క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకుంటే పట్టుకోగలం. ఇన్సులిన్ అలా చెప్పదు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి దాని సత్తువ తగ్గినా నీళ్లలాగే తేటగా కనిపించొచ్చు. షుగర్ అదుపులోకి రాకపోతే రోగిని ‘అన్నం మానలేదా?’ అని గదమాయిస్తారు, డోసు పెంచుతారు. షాపు ఫ్రిజ్‌ను ఎవరూ అనుమానించరు. చల్లదనం మరీ ఎక్కువైనా ముప్పే. గడ్డకట్టిన ఇన్సులిన్‌ను పారేయాల్సిందే. ఫ్రీజర్ గోడకు ఆనించిన టీటీ ఇంజెక్షన్‌కూ అదే గతి. అందుకే ఫ్రిజ్ ఉందని తృప్తిపడితే చాలదు. అందులో థర్మామీటర్ ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు అని అడగాలి. కూల్‌డ్రింకుల కోసం పొద్దస్తమానం తలుపు తీసే ఫ్రిజ్‌లో 8 డిగ్రీలు నిలవడం కష్టం.

చట్టం ఇవన్నీ ఎప్పుడో తలచింది. 1940 నాటి ఔషధ చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనల ప్రకారం రిటైల్ షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల చోటుండాలి, మందులు చెడకుండా దాచే ఏర్పాటుండాలి, డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కళ్లెదుటే చేతులు మారాలి. సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ మనిషి మరో ఊళ్లో ఉండే షాపులు మన రాష్ట్రాల్లో ఎవరికి తెలియనివి? ‘అన్నా, జరానికి రెండు మాత్రలియ్యి’ అంటే కుర్రాడు చేతికందిన యాంటీబయోటిక్ తీసిస్తాడు. తప్పు వాడొక్కడిదే కాదు, అడిగే మనదీ.

బలమైన యాంటీబయోటిక్‌లు, క్షయ మందులు, అలవాటు పడే కొన్ని మాత్రలు 2014 మార్చి నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం వేరే పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. ఆ పుస్తకం ఖాళీగా ఉందంటే అక్కడ హెచ్1 మందు అమ్మలేదనైనా అనుకోవాలి, రాయలేదనైనా అనుకోవాలి. మొదటిది నమ్మడం నావల్ల కాదు.

ఇక స్ట్రిప్ కత్తిరింపు. పది మాత్రల్లో నాలుగు కోసిస్తే ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోవచ్చు. బ్యాచ్ నంబరుతో మనకేం పని అనకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ దగ్గుమందు తాగిన పిల్లలు 20 మందికి పైగా చనిపోయారు. కాంచీపురంలో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉందని తమిళనాడు పరీక్షలో తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్ వాడొద్దని హెచ్చరించింది. ఇంట్లో ఉన్న సీసా అదో కాదో సీసా మీది లేబులో, చేతిలోని బిల్లో చెప్పాలి. లేబుల్ చిరిగి, బిల్లు కూడా లేకపోతే చెప్పేవారే లేరు.

కాబట్టి ఆళ్లగడ్డలో కొన్నా, నంద్యాలలో కొన్నా బ్యాచ్ నంబరున్న బిల్లు అడగండి. ఎక్స్‌పైరీ ఉన్న ముక్కను మీకే ఇమ్మనండి. ఇన్సులిన్‌ను చల్లటి సంచిలో తీసుకెళ్లండి, ఐస్‌కు నేరుగా తగలనివ్వకండి. బిల్లు ఇవ్వనంటే మీ ప్రాంత డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు రాయండి.