అమ్మే సోయా.. వండుకోలేమా?

దసరా దగ్గర పడుతుంటే ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో ఏ ఊరి కల్లం చూసినా సోయా కుప్పలే. జైనథ్, బేల, తాంసి మొదలుకొని ముధోల్, భైంసా, కుభీర్ దాకా నల్లరేగడి భూముల్లో పత్తి తర్వాత వానాకాలంలో చెప్పుకునే పంట ఇదే. నూరు రోజుల్లో చేతికొస్తుంది, వెనుక శనగ వేసుకోవచ్చు. అందుకే జొన్న, పెసర, మినుము వేసిన చోట సోయా వచ్చి కూర్చున్నది. నూర్పిడి అయిందో లేదో గింజ సంచుల్లోకి ఎక్కుతుంది, సంచులు మార్కెట్ యార్డుకు పోతాయి. ఇంట్లో మిగిలితే విత్తనానికి తప్ప పొయ్యి మీదికి రాదు.

అదే ఇంటి ఆడమనిషి వారం అంగడిలో కందిపప్పు కొంటుంది. పిల్లలు మారాం చేస్తే మీల్‌మేకర్ పొట్లం కూడా కొంటుంది. ఆ మీల్‌మేకర్ ఎక్కడిదో కాదు. సోయా గింజలోంచి మిల్లులో నూనె పిండుకున్నాక మిగిలిన పిండిని ఉండలుగా చేసి అమ్మేదే. క్వింటా గింజలో నూనె 18 కిలోల దాకా వస్తుంది. మిగతా పిండిలో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు పోతుంది, కొంత ఓడలెక్కి పై దేశాలకు పోతుంది. పండించిన ఇంటికి మాత్రం పొట్లం కట్టి, ధర పెంచి తిరిగొస్తుంది.

"సోయా మనుషులు తింటరా? అది కోళ్ల దాణా కదా!" అనే మాట ఊరూరా వినిపిస్తుంది. చైనా, జపాన్‌లలో వందల ఏళ్లుగా తింటున్నారు. ఆ గింజ పాలను విరగ్గొట్టి గట్టి ముద్ద చేసుకుని కూరల్లో వేసుకుంటారు. దాన్నే టోఫు అంటారు. మన దగ్గర సోయా పనీర్ అంటున్నారు. బర్రె ఈనినప్పుడు ఇంట్లో జున్ను వండుకుంటాం కదా, చూపుకు అట్లాగే ఉంటుంది.

కందిపప్పులో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లు ఉంటే సోయా గింజలో 40 పాళ్ల దాకా ఉంటాయి. ఇక జొన్న రొట్టె తినే ఇంటికి ఇంకో లాభం ఉన్నది. జొన్నలో లైసిన్ అనే పోషకం తక్కువ, సోయాలో అది దండిగా ఉంటుంది. సోయాలో తక్కువైన మెథియోనిన్ నువ్వుల్లో ఉంటుంది. జొన్న రొట్టె, సోయా పనీర్ కూర, పైన కొంచెం నువ్వుల పొడి.. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. కరీంనగర్, జగిత్యాల వైపు వరి అన్నం తినేవారికి కూడా ఇది వర్తిస్తుంది, బియ్యంలోనూ లైసిన్ తక్కువే.

ఖర్చు సంగతి చూద్దాం. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు రూ. 5,328. అంటే కిలో 53 రూపాయల పైచిలుకు. ఐదుగురున్న ఇంటికి ఒక పూటకు పావు కిలో గింజలు చాలు, అంటే 13 రూపాయల సరుకు. వారానికి ఒకసారి వండుకుంటే ఏడాదికి 13 కిలోలు, రెండుసార్లు వండుకుంటే 26 కిలోలు. పంట నుంచి పావు క్వింటా సంచి ఒకటి పక్కకు పెట్టుకుంటే ఏడాది గడుస్తుంది.

ముందు ఒక హెచ్చరిక

సంచి పక్కకు పెట్టేటప్పుడే జాగ్రత్త పడాలి. విత్తగా మిగిలిన గింజను ఎట్టి పరిస్థితుల్లోనూ వండొద్దు. థైరమ్, కార్బెండజిమ్, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులతో శుద్ధి చేసిన గింజ అది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు పూసి ఉంటుంది. కడిగినా, నానబెట్టినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. కోళ్లకు, బర్రెలకు కూడా వేయొద్దు. తినే సోయాను కల్లంలోనే వేరు చేసి, వేరే సంచిలో పోసి, విత్తనం సంచులకు దూరంగా పెట్టాలి. కోత వేళ వాన పడి నల్లబడ్డ గింజలు, బూజు పట్టినవి ఏరి పారేయాలి. పంటికింద కటుక్కుమనేదాకా ఎండబెట్టి నిల్వ చేస్తే పురుగూ బూజూ తక్కువ.

పనీర్ చేసే తీరు

రాత్రి పావు కిలో గింజలు కడిగి నానబెట్టాలి. ఎండాకాలం అయితే ఆరేడు గంటలు చాలు. ఆదిలాబాద్ చలికి పది, పన్నెండు గంటలు పడుతుంది. పొద్దున చేతులతో పిసికితే పొట్టు ఊడి పైకి తేలుతుంది, దాన్ని వంచేసి రెండు మూడు నీళ్లు మార్చాలి. పొట్టు ఎంత పోతే పనీర్ అంత తెల్లగా వస్తుంది.

సోయాను మొదటిసారి వండినవారు వాసన అంటూ ముఖం తిప్పుకుంటారు. పచ్చి వాసన రావడానికి కారణం గింజ నలిగేటప్పుడు పనిచేసే ఒక ఎంజైము. వేడికి అది చచ్చిపోతుంది. అందుకని రుబ్బేటప్పుడు చన్నీళ్లు కాకుండా బాగా వేడి నీళ్లు వాడాలి. మిక్సీ అయితే గిన్నె సగానికి మించి నింపొద్దు, మూత మీద తువ్వాల వేసి పట్టుకుని ఆపి ఆపి తిప్పాలి. లేకుంటే వేడికి మూత ఎగిరి చేతులు కాలుతాయి. కరెంటు లేకుంటే రోలు ఉండనే ఉన్నది. మొత్తం మీద రెండు లీటర్ల నీళ్లు పట్టాలి. మెత్తగా రుబ్బినదాన్ని పలుచని నూలు గుడ్డలో పోసి పిండితే పాలు కిందికి దిగుతాయి, పిప్పి గుడ్డలో ఉంటుంది.

ఈ పాలను మందపాటి గంజులో పోసి కాయాలి. అడుగంటే గుణం ఎక్కువ, గరిటె ఆపొద్దు. కాసేపటికి నురగ పొంగుకొస్తుంది. చాలామంది అక్కడే కాగిందనుకుని దింపేస్తారు. అది కాగడం కాదు, ఉత్త నురగ పొంగు. మంట తగ్గించి, నురగ అణిగాక పాలు కుతకుత ఉడుకుతుండగా ఇంకో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎందుకంటే పచ్చి సోయాలో మన కడుపులోని ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని పనిచేయనీయని పదార్థం ఉంటుంది. బాగా ఉడికితేనే అది పోతుంది. కోళ్ల దాణాలో సైతం పచ్చి సోయా వేయరు, వేడి తగిలిన పిండే వేస్తారు. కోడికి తీసుకునే జాగ్రత్త పిల్లలకు తీసుకోకుంటే ఎట్లా?

దింపిన తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. రెండు నిమ్మకాయల రసాన్ని అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో కలిపి, మూడు దఫాలుగా పాలలో పోయాలి. కవ్వం పెట్టి చిలికినట్టు కలిపితే ముద్ద కట్టదు, గరిటెతో ఒకటి రెండుసార్లు మెల్లగా తిప్పి వదిలేయాలి. మూతపెట్టి పది నిమిషాలు కదపొద్దు. పాలు విరిగి పసుపుపచ్చని తేట నీరు వేరైతే సరిపోయినట్టు. నీరు ఇంకా తెల్లగానే ఉంటే మరికొంత రసం పోయాలి. తర్వాత గుడ్డలో వంచి మూటగట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, పైన రెండు మూడు కిలోల బరువు ఉంచాలి. నీళ్లు నింపిన గిన్నె చాలు. అరగంటలో ముక్క కోసుకునేంత గట్టిపడుతుంది. పావు కిలో గింజలకు సుమారు 400 గ్రాముల పనీర్ వస్తుంది, చెయ్యి తిరిగే కొద్దీ ఎత్తు పెరుగుతుంది. అందులో మాంసకృత్తులు 50 గ్రాముల దాకా ఉంటాయి. ఐదుగురికి పంచితే తలా ఒకటిన్నర గుడ్డులో ఉన్నంత.

ఇరవై నిమిషాల్లో కూర

పనీర్ చేతిలో ఉంటే కూర పని చిన్నదే. చేనుకు పోయే తొందరలో కూడా అవుతుంది. ముక్కలు అంగుళం సైజులో కోసి తడి ఒత్తాలి. పెంకు మీద రెండు చెంచాల పల్లినూనె వేసి, నాలుగు వైపులా ఎర్రబడేదాకా కాల్చి తీసి పెట్టుకోవాలి. ఇట్లా కాల్చకపోతే ముక్క కూరలో చిదురైపోతుంది, రుచీ పట్టదు. అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎల్లిపాయ, ఉల్లిగడ్డ, పచ్చిమిరప వేయించి, పెరట్లో ఏది ఉంటే అది వేయాలి. వంకాయ, చిక్కుడు, గోకరకాయ అయితే సన్నగా తరగాలి, సన్నగా తరిగితే తొందరగా ఉడుకుతాయి. పసుపు, కారం, ఉప్పు, ధనియాల పొడి వేసి మూతపెట్టాలి. కూరగాయ మగ్గాక టమాట, ఆఖరున మెంతికూర గానీ పాలకూర గానీ వేసి రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు పనీర్ ముక్కలు కలిపి దించాలి. నువ్వుల పొడి, కొత్తిమీర పైన. తినేటప్పుడు నిమ్మచెక్క పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చలికాలంలో మెంతికూరతో చేసిందే నా మటుకు నాకు అన్నిటికన్నా బాగుంటుంది.

గుడ్డలో మిగిలిన పిప్పిని పారేయొద్దు. కానీ అది ఇంకా పచ్చిదే అని గుర్తుంచుకోవాలి. ఇడ్లీ గిన్నెలో ఇరవై నిమిషాలు ఆవిరి పట్టించి జొన్న పిండిలో కలిపితే రొట్టెలు మెత్తగా వస్తాయి.

పాలు తీసి విరగ్గొట్టే తీరిక లేనివారికి ఇంకో దారి ఉన్నది. నానిన గింజలను అరగంట ఉడకబెట్టి, బాగా ఎండబెట్టి, గిర్నీలో పట్టించుకుని, తొమ్మిది పాళ్ల జొన్న పిండికి ఒక పాలు కలుపుకోవచ్చు. నూనె గింజ కనుక ఈ పిండి ఎక్కువ రోజులు నిలవదు, నెలకు సరిపడా పట్టించుకుంటే చాలు.

పనీర్ నిల్వ విషయానికొస్తే, ఫ్రిజ్ లేని ఇంట్లో చేసిన పూటే వండాలి. ఫ్రిజ్ ఉంటే నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజులు ఉంచవచ్చు. జిగట వచ్చినా, పుల్లని వాసన వేసినా పారేయడమే. సోయా పాలు బర్రె పాలకు సాటి అనుకోవడం కూడా సరికాదు, కాల్షియం తక్కువ. ఏడాది లోపు పసిపిల్లలకు పాల బదులు పట్టొద్దు. సోయా తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు దాని జోలికి పోవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయా కూరకూ ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడిగి తినాలి.

ఇది చదివి, చేసి అమ్ముదామా అని మహిళా సంఘాల అక్కలకు ఆలోచన రావచ్చు. తొందర పడొద్దు. ఇది గంటల్లో చెడిపోయే సరుకు, చల్లని పెట్టె, ఆహార భద్రత రిజిస్ట్రేషన్, రోజూ కొనే ఖాతాలు ఉంటేనే గిట్టుబాటు. ముందు మీ ఇళ్లల్లో నాలుగు నెలలు చేసి చెయ్యి తిప్పుకోండి. ఆసక్తి ఉన్నవారు ఆదిలాబాద్ లేదా జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రంలో గృహ విజ్ఞాన విభాగం గురించి వాకబు చేయవచ్చు. యంత్రాలతో పెద్ద ఎత్తున చేయాలనుకునేవారికి భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ సోయా పాలు, పనీర్ తయారీలో శిక్షణ ఇస్తుంది. వెళ్లే ముందు ఉత్తరమో ఫోనో చేసి తేదీలు, రుసుము కనుక్కుని బయలుదేరితే దారి ఖర్చులు దండగ కావు.