రంగమున కెంత దూరము?

విశాఖపట్టణమునకు ఢిల్లీ దూరమా, రంగము దూరమా యని యడిగినచో మనలో బెక్కండ్రు రంగమే యందురు. రంగమనగా మన పెద్దలు రంగూనున కిడిన పేరు, ఇప్పుడది యాంగూన్. పిల్లలు చదువుకొను గోళముమీద విశాఖకడ దారపుకొన నొక్కిపట్టి, రెండవకొనను ఢిల్లీవఱకు జాపుడు. ఆ దారమునే తూర్పునకు ద్రిప్పినచో సముద్రము దాటి రంగముకడ బడును. విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు గణించిన ఢిల్లీ సుమారు 1358 కిలోమీటర్లు, యాంగూన్ 1373. భేదము 15 కిలోమీటర్లే. విశాఖనుండి భీమునిపట్టణమున కంతకంటె నెక్కువ.

ఢిల్లీకి నేరుగా విమానములు కలవు. జెట్ విమానము పైకెగసిన పిమ్మట గంటకు ఇంచుమించు 800 కిలోమీటర్లు పోవును గనుక గంట ముప్పావులో జేరవలెనని బాలురు లెక్కవేయుదురు. టికెట్టుమీద మాత్రము రెండుంబావు, రెండున్నర గంటలని యుండును. ఇందు మోసమేమియు లేదు. తలుపు మూసినది మొదలు మఱల తెఱచువఱకు గల కాలమది. నేలమీది పరుగు, ఎక్కుట, దిగుట, దిగుటకు వంతు వచ్చువఱకు ఆకాశమున దిరుగుట, అన్నియు నందే చేరును. చలికాలమున పడమటిగాలి యెదురగుటచే పోవునపుడు కొంత యాలస్యము, వచ్చునపుడది కలిసివచ్చును. రైలులో నీ ప్రయాణమునకే ఒకటిన్నర దినము పట్టును.

యాంగూనునకు విశాఖనుండి నేరు విమానము లేదు. కలకత్తాకో మఱియొక నగరమునకో పోయి, అచ్చట గాచియుండి, వేఱొక విమాన మెక్కవలెను. రెండుగంటల త్రోవ పూటయో దినమో యగును. మేఘసందేశమున యక్షుడు త్రోవ వంకరయైనను ఉజ్జయిని జూచి పొమ్మని మేఘునితో జెప్పెను; అది యందముకొఱకు. ఈ వంకర కట్టి సరసత లేదు. విమానము నిండునంతమంది యిప్పు డటు పోవువారు లేకుండుటయే కారణమని నాకు దోచుచున్నది.

ఒకప్పుడు పోవువారికి గొదువలేదు. 1933లో విశాఖ రేవు తెఱవకమున్ను పొగయోడ సముద్రమున దూరముగా నిలుచుచుండెను. జనులు మసూలా పడవలలో అలలు దాటిపోయి దానినెక్కుచుండిరి. భీమునిపట్టణమునను గళింగపట్టణమునను నట్లే. గంటకు 20 కిలోమీటర్లు నడచు నోడకు మూడు పగళ్లు, మూడు రాత్రులు పట్టును. రంగమున రేవుకూలి, బియ్యపుమిల్లులలో పని, రిక్షాలు లాగుట, వీనిలో మనవారు వేలకొలది యుండిరి. కోరింగ రేవు పేరిట అచ్చట తెలుగువారిని కోరంగీలనుచుండిరి. 1931 నాటి జనాభా లెక్కలలో ఆ నగరవాసులు సగమునకు బైగా భారతీయులే. ఇంట మిగిలిన యాడువారికి ఢిల్లీ వట్టి పేరు. రంగమన్ననో, నెలనెల వచ్చు మనియార్డరు. ఒకనాడు రాక యాగిపోయిన యుత్తరము.

1930 మేలో రేవుపని విషయమై తెలుగువారికిని బర్మావారికిని ఘోరమైన కొట్లాట జరిగెను. 1937లో బర్మా భారతపరిపాలననుండి వేఱయ్యెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగముపై బాంబులు వేసిరి. ఓడలు చాలలేదు. లక్షలకొలది జనులు పిల్లల నెత్తుకొని కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో బోయినవారు వేలకువేలు. మూడునాళ్ల దూరము వారికి వారములు, నెలలు పట్టెను. వచ్చినవారికి విశాఖయైనను బెదరులేని చోటు గాదు. 1942 ఏప్రిల్ 6న ఇచ్చటను బాంబులు పడెను.

1962లో బర్మాలో సేనాపతుల ప్రభుత్వ మేర్పడి, వర్తకములు ప్రభుత్వపరమగుటచే, మఱల వేలకొలది కుటుంబములు మరలివచ్చెను. విశాఖలో కంచరపాలెముకడ బర్మాక్యాంపు అను పేట ఆ పేరుతోనే యున్నది.

అచ్చటనే నిలిచిపోయిన తెలుగు కుటుంబములును గలవు. యాంగూన్ గడియారము మనదానికంటె ఒక గంట ముందు. అక్కడ అక్కచెల్లెండ్రు గలవారు టెలిఫోను చేయదలచినచో వంటయిల్లు సర్దుకొనువఱకు ఆగక దీపము పెట్టువేళనే చేయుడు. మనకు తొమ్మిదగునప్పటికి వారికి పది; పసిపిల్లల తల్లులు నిదురించుచుందురు.