టెన్షన్ పడితే ముక్కు చల్లబడుతుంది!

వైవాకి మన పేరు పిలవగానే కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయని చెప్పుకుంటుంటాం కదా. ఆ మాట ఉత్తినే పుట్టలేదు. నిజంగానే చల్లబడతాయి. చేతులే కాదు, ముక్కు కూడా. మనకి తెలీకపోయినా థర్మల్ కెమెరాకి ఇట్టే దొరికిపోతుంది.

కోవిడ్ రోజుల్లో ఎయిర్‌పోర్టుల్లో జ్వరం చూసిన కెమెరాల బాపతే ఇది. దీనికి వెలుతురుతో పనిలేదు. మన ఒంట్లోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్ని పట్టుకుని, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో రంగుల్లో చూపిస్తుంది. ఒంటికి ఒక్క వైరు కూడా తగిలించక్కర్లేదు.

భయం వేయగానే సింపథెటిక్ నాడులు చర్మంలోని సన్నటి రక్తనాళాల్ని బిగించేస్తాయి. అక్కడికి రక్తం తగ్గుతుంది, దాంతోపాటే వేడీ తగ్గుతుంది. ముక్కు కొసలో ఇలాంటి నాళాలు బోలెడు. పైగా ముక్కుని ఎవరూ దుప్పటి కప్పి దాచరు!

మరి ల్యాబ్‌లో టెన్షన్ ఎలా పుట్టిస్తారు? దానికో ఫేమస్ పద్ధతుంది. 1993లో జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. నవ్వని, తలూపని ప్యానెల్ ముందు 5 నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టాలి. తప్పితే మళ్లీ మొదటికి. చదువుతుంటేనే చెమటలు పడుతున్నాయి కదూ! బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్షే పెట్టి, వలంటీర్ల ముక్కులు చల్లబడటం కెమెరాలో చూశారు.

ఇటలీలో చేసిన ప్రయోగం మాత్రం మనసుని తాకుతుంది. మూడేళ్లు దాటిన పిల్లలకి ‘ఇది నాకు చాలా ఇష్టమైన బొమ్మ’ అని చెప్పి చేతికిచ్చారు. ఆ బొమ్మ విరిగేలా ముందే ఏర్పాటు చేశారు. విరగ్గానే ఆ చిట్టి ముక్కులు చల్లబడ్డాయి. ‘నీ తప్పేం లేదురా’ అని ఓదార్చాక మళ్లీ వెచ్చబడ్డాయి. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఏడుపు ఆపుకున్నవాడి లోపల ఏం జరుగుతోందో కెమెరా చెప్పేసిందన్నమాట.

అయితే ఎందుకు అన్నది అది చెప్పలేదు. 2002లో అమెరికా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఓ అధ్యయనం వేశారు. అబద్ధమాడేవాళ్ల కళ్ల చుట్టూ చర్మం వేడెక్కుతుందనీ, దాన్నిబట్టి పట్టుకోవచ్చనీ వాళ్ల మాట. కానీ ఫ్లైట్ మిస్సవుతుందేమోనని కంగారుపడే అమాయకుడి సంగతేంటి? ఏసీ గాలి, వేడి టీ, పరుగెత్తి రావడం... అన్నీ చర్మం వేడిని మార్చేవే. అనుమతి లేకుండా ఇంటర్వ్యూ గదిలో ఇలాంటి కెమెరా పెడితే ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను.

నోరులేని జీవాల దగ్గర మాత్రం ఇది బాగా పనికొస్తుంది. కోతుల్లో, చింపాంజీల్లో కూడా కలవరపడితే ముక్కు చల్లబడుతుంది. వాటిని పట్టుకుని రక్తం తీస్తే, ఆ సూదికే టెన్షన్ పెరిగిపోతుంది. కెమెరా అయితే దూరం నుంచే చూసుకోవచ్చు.