పద్నాలుగో రోజు మాత్ర

వానలు ముదిరాయి, మన్యం జ్వరాల మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా కావాలన్నారు ఎడిటర్. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు ఏటా ఈ రోజుల్లో పేపర్లో కనిపించే పేర్లే. డోలీ మోతలు, దోమల మందు పిచికారీ లెక్కలు అందరూ రాశారు. నన్ను పట్టి నిలిపింది ఆశా కార్యకర్త సంచిలోని మందుల అట్ట.

2013 జాతీయ ఔషధ విధానం ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చే ఏసీటీ (ఆర్టిమిసినిన్ జోడీ మందుల) అట్టలకు వయసును బట్టి రంగులు పెట్టింది. ఏడాదిలోపు పసివాళ్లకు గులాబీ, 1-4 ఏళ్లకు పసుపు, 5-8కి ఆకుపచ్చ, 9-14కి ఎరుపు, 15 నిండితే తెలుపు. తూకానికి వీల్లేని గూడెంలో మోతాదు తప్పకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనిపించలేదు. అయితే పుట్టిన తేదీ రాసుకోని ఇంట్లో పిల్లకు ఎనిమిదో తొమ్మిదో తేల్చాల్సింది మళ్లీ ఆ కార్యకర్తే.

నియమాలు ఇంకా నిక్కచ్చిగా ఉన్నాయి. పరగడుపున మాత్ర వద్దు. మొదటి మోతాదు కళ్లెదుటే మింగించాలి, పావుగంట కనిపెట్టుకుని ఉండాలి. వాంతయితే పావుగంట పడుకోబెట్టి, కొత్త అట్ట విప్పి మళ్లీ ఇవ్వాలి. అదీ కక్కేస్తే తీవ్ర మలేరియాగా లెక్కగట్టి వెంటనే ఆస్పత్రికి పంపాలి. వాన, వాగు, చీకటి ఏవీ ఈ నియమాన్ని సడలించవు.

అట్టలోని ఆర్టిసునేట్ రక్తంలోని క్రిములను వేగంగా చంపుతుంది. జోడీ మందు మిగిలినవాటి పని పడుతుంది. రెండో రోజు ఒక్కసారి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రం రోగి జ్వరం కోసం కాదు. అతన్ని కుట్టిన దోమ పక్కింటికి జబ్బు మోయకుండా ఆపడానికి.

వైవాక్స్ రకం మలేరియా వేరు. క్లోరోక్విన్ మూడు రోజులు, పెద్దవాళ్లకు 4, 4, 2 మాత్రలు. జ్వరం దిగుతుంది. కానీ క్రిమి కాలేయంలో దాక్కుని కొన్ని వారాలకో నెలలకో తిరిగి లేస్తుంది. దాన్ని చంపేది పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. నాలుగో రోజుకే మనిషి పోడులో ఉంటాడు, మిగిలిన మాత్రలు చూరులో ఉంటాయి. నా అనుమానమంతా ఈ చూరు మీదే.

ప్రైమాక్విన్‌తో ప్రమాదమూ ఉంది. జి6పిడి ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాలు పగిలిపోతాయి. గిరిజనుల్లో ఈ లోపం ఎక్కువ. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. మూత్రం ముదురు రంగుకు మారినా, పెదవులు నీలమైనా వెంటనే మాన్పించాలి. ఈ మాట ఇక్కడి భాషలైన కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో అర్థమయ్యేలా చెప్పగలిగితేనే ఆ మాత్ర సురక్షితం.

చరిత్ర క్లుప్తంగా: దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. తెల్లవాళ్ల కాలంలో క్వినైన్ పొట్లాలు తపాలా ఆఫీసుల్లో అమ్మారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం, డెబ్భైల్లో మళ్లీ విజృంభణ. ఆర్టిసునేట్‌కు మూలమైన ఆర్టిమిసినిన్‌ను వెలికితీసిన తూ యూయూకు 2015లో నోబెల్. 2030కి దేశంలో మలేరియా ఉండకూడదన్నది లక్ష్యం.

ఆశా కార్యకర్త సంచిలో ఇంకా ఏమున్నాయి?
పారాసిటమాల్ వేడి తగ్గిస్తుంది, క్రిమిని చంపదు. దాన్ని నమ్ముకుని రక్త పరీక్ష ఆపొద్దు. విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు పిల్లలకు జింకు, ఇదీ పద్నాలుగు రోజులే. ఐరన్ మాత్రతో మలం నల్లబడితే భయం లేదు. ప్రైమాక్విన్‌తో మూత్రం నల్లబడితే భయపడాలి. ఈ రెండు నలుపుల తేడా గూడెంలో ప్రతి తల్లికీ తెలియాలి.

వైద్య శాఖను అడిగేది ఒక్కటే. మన్యంలో ఎందరికి పరీక్షలు చేశారో, ఎందరికి మందులిచ్చారో చెప్పేటప్పుడు, పద్నాలుగో రోజు మాత్ర ఎందరు మింగారో కూడా మండలాలవారీగా ప్రకటించండి. అందుకోసం రోజూ కొండెక్కి ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు ఆ పద్నాలుగు రోజుల కూలీ విడిగా కట్టివ్వండి.